హోస్పేటలో దిగడమా, వాస్కో దాకా పోవడమా?

పెళ్ళిరోజు అనే పండుగ మా ఇంటి పంచాంగంలో ఉండేది కాదు. మా అమ్మానాన్నల వివాహం ఏ సంవత్సరంలో జరిగిందో వారిద్దరిలో ఎవరూ చెప్పగలిగేవారు కాదు. "చెరువు అలుగు పారిన ఏడు" అని మాత్రం అమ్మ అనేది. మా వైపు చెరువు అలుగు పారడం పెళ్ళి కంటె అరుదైన సంగతి కనుక ఆ గుర్తు ఆమెకు చాలింది. మా తరానికి వచ్చేసరికి శుభలేఖలు అచ్చయ్యాయి, తేదీలు మిగిలాయి. మా పిల్లల తరానికి ఆ తేదీలు పండుగలయ్యాయి. రానున్న మాఘంలో మాకు ముప్ఫయ్యేళ్ళు నిండుతాయి. పిల్లలిద్దరూ ఫోనులో కూడబలుక్కొని, ఈసారి మమ్మల్ని ఇంట్లో ఉండనివ్వకూడదని తీర్మానించారు. గోవాలో సముద్రపుటొడ్డున ఒక రిసార్టులో నాలుగు రాత్రులు. ఖర్చు వారిది, ప్రయాణం మాది.

నేను సరేనన్నాను. నా భార్య వంటింట్లోంచే, "గోవా వద్దు, హంపికి పోదాం" అన్నది.

అప్పటినుంచి రెండు నెలలుగా మా ఇంట్లో నడిచిన వాదం ఇక్కడ రాస్తున్నాను. ఇంత చిన్న విషయానికి ఇంత చర్చా అని మీరు నవ్వుకోవచ్చు. ముప్ఫయ్యేళ్ళలో మేమిద్దరం ఒక పెళ్ళికో, చావుకో, ఆసుపత్రికో, పిల్లల పరీక్షకో కాక ఊరికే ఒక చోటికి పోవడం ఇదే మొదటిసారి. మొదటిసారి గనుకనే అంత పట్టుదల.

మాది చంద్రశేఖరపురం. ఈ పూర్తి పేరు ప్రభుత్వ కాగితాల మీద తప్ప మరెక్కడా కనబడదు. బస్సు బోర్డుకూ మా నోటికీ అది సి.ఎస్.పురమే. పామూరుకు పడమరగా, కొండల వరుస దగ్గరపడే చోట ఉంటుంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మేము నెల్లూరు జిల్లావాళ్ళం. అందువల్ల దక్షిణాన ఉన్న ఉదయగిరి మా పెద్దలకు పరాయి జిల్లా కాదు. పిల్లనిచ్చి పుచ్చుకొనే ఊరు. నా భార్య పుట్టిల్లు ఆ ఉదయగిరే. ఈ సంగతి తరువాత అవసరపడుతుంది కనుక ముందే చెబుతున్నాను.

విచిత్రమేమిటంటే హంపికీ గోవాకూ మాకు దారి ఒకటే. మార్కాపురం రోడ్డులోనో గిద్దలూరులోనో రాత్రిపూట అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అది నల్లమల దాటి, నంద్యాల, గుంతకల్లు, బళ్ళారి మీదుగా తెల్లవారాక హోస్పేట చేరుతుంది. అక్కడ దిగితే హంపి. వాస్కో పోయే బండి అయితే, దిగకుండా కూర్చుంటే చాలు. హుబ్లీ దాటి, కనుమలు దిగి, గోవా చేరుస్తుంది. ఒకప్పుడిది మీటర్ గేజి. 1990లలో పెద్ద లైను చేశారు. మా చిన్నతనంలో ఆ పాత బండిలో గిద్దలూరు నుంచి నంద్యాలకు పోతుంటే, అడవిలో దొరబావి వంతెన వచ్చిందంటే పెద్దవాళ్ళు సైతం కిటికీల వైపు ఒరిగేవారు. కాబట్టి మా వాదం ఏ దిక్కుకు పోవాలని కాదు, ఎక్కడ దిగాలని.

ఇది ఇప్పటి రైలు కలిపిన దారి మాత్రమే కాదు. 1510లో పోర్చుగీసువారు గోవాను పట్టుకొన్న తరువాత, సముద్రం మీద వచ్చిన గుర్రాలు ఆ రేవులో దిగి కనుమలెక్కి విజయనగరం చేరేవి. 1520 ప్రాంతంలో ఆ నగరాన్ని కళ్ళారా చూసి రాసిన డొమింగో పేయిస్ కూడా పోర్చుగీసువాడే. ఆయన రాతనూ, తరువాత వచ్చిన నూనిజ్ రాతనూ ఇంగ్లీషులో పెట్టి రాబర్ట్ సూయెల్ 1900లో అచ్చు వేయకపోతే, హంపి బండల మధ్య నిలబడి మనం ఊహించుకోగలిగింది ఇప్పటికంటె చాలా తక్కువగా ఉండేది. నా భార్యతో ఇదంతా చెబితే, "మరింకేం? చూశారా, గోవా వాళ్ళే హంపికి వచ్చారు, హంపి వాళ్ళు గోవాకు పోలేదు" అన్నది. చరిత్ర తెలిసినవాడు ఇంట్లో వాదం గెలుస్తాడనుకోవడం భ్రమ.

నేను సముద్రం వైపు ఎందుకు మొగ్గానో చెప్పాలి. నీళ్ళు లేని చోట పెరిగినవాడికి సముద్రం పిచ్చి ఉంటుంది. ఒంగోలులో చదువుకొనే రోజుల్లో కొత్తపట్నం పోయి మొట్టమొదట సముద్రాన్ని చూశాను. అందం సంగతి తరువాత. ఇంత నీరు ఎవరూ కాపలా లేకుండా ఊరికే పడి ఉండటమేమిటన్నది నాకు కలిగిన మొదటి ఆలోచన. మా వీధిలో అప్పట్లో బిందెకొక వరుస, వరుసకొక తగాదా. ఇప్పటికీ మేము తాగే నీళ్ళు క్యాన్లలో డబ్బిచ్చి కొనుక్కొనేవే.

పెళ్ళయ్యాక సముద్రానికి కుటుంబంగా పోలేదా అంటే పోయాం. కార్తీక పౌర్ణమి స్నానాలకు ఒకసారి కొత్తపట్నం, మరోసారి సింగరాయకొండ దగ్గర పాకల. బంధువులందరూ కలిసి ఒక వ్యానులో. రెండుసార్లూ నా భార్య ఒడ్డునే నిలబడింది. ఎవరి చెప్పులు వారు ఆమె దగ్గర వదిలి నీళ్ళలోకి పరుగెత్తారు. ఆమె చేతిలో వాచీలు, మెడలోంచి తీసిన గొలుసులు, పిల్లల పొడి బట్టలు, పులిహోర డబ్బా. చీర కుచ్చెళ్ళు తడవకుండా ఇంత పైకి పట్టుకొని, అల వచ్చినప్పుడల్లా రెండడుగులు వెనక్కి వేస్తూ అందరినీ పేరుపేరునా లెక్కపెట్టుకొంటూ నిలబడింది. నేను పాదాలు తడుపుకొని వచ్చి, "నువ్వు పో, నేను చూస్తుంటాను" అన్నాను. అప్పటికే మా వదిన వ్యాను బయలుదేరుతుందని కేకలు పెడుతున్నది. నాకు గోవా అవసరం లేదు. మా తీరంలోనే వాడరేవు ఉంది, సూర్యలంక ఉంది. ఎవరి చెప్పులూ కాపలా కాయనక్కరలేని ఒక సముద్రపుటొడ్డున ఆమెను నాలుగు రోజులు కూర్చోబెట్టాలన్నదే నా కోరిక. వంట లేదు, అంట్లు లేవు, క్యాను అయిపోయిందన్న దిగులు లేదు.

ఈ మాటలన్నీ ఆమెతో చెప్పాను. ఓపికగా విన్నది. "నాకు విశ్రాంతి కావాలని మీకెవరు చెప్పారు?" అన్నది.

ఆమె పక్షం ఉదయగిరి కొండ మీద మొదలవుతుంది. శ్రీకృష్ణదేవరాయలు గజపతులతో యుద్ధానికి బయలుదేరి ముందుగా ముట్టడించింది ఉదయగిరినే. నూనిజ్ రాతను బట్టి ఏడాదిన్నర పట్టింది. సైన్యానికి దారి చేయడానికి బండలు పగలగొట్టించవలసి వచ్చింది. 1514లో దుర్గం స్వాధీనమయ్యాక రాయలు అక్కడి గుడిలోని బాలకృష్ణుని విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి, దానికోసమే ఒక పెద్ద ఆలయం కట్టించాడు. హంపిలో కృష్ణాలయమని ఈనాడు చూపేది అదే. ఆ వృత్తాంతం చెప్పే శాసనం ఆ ప్రాంగణంలోనే ఉంది. గోపురం మీద గచ్చుబొమ్మల్లో యుద్ధపు దృశ్యాలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. 1565లో రక్కసి తంగడి యుద్ధం తరువాత నగరం పాడుబడింది. భిన్నమైన ఆ బాలకృష్ణుడు చివరికి మద్రాసు మ్యూజియం చేరాడు. గుడి ఖాళీగా ఉంది.

చరిత్ర పుస్తకం చదివినవాళ్ళకిది ఒక రాజు దిగ్విజయంలోని ఒక ఘట్టం. ఉదయగిరిలో పుట్టిన ఆడపిల్లకు అలా కాదు. మా మామగారు, ఆయన తండ్రి, పిల్లలను పొద్దుగూకిన తరువాత వాకిట్లో కూర్చోబెట్టుకొని కొండను చూపిస్తూ చెప్పే కథ అది. వాళ్ళ మాటల్లో రాయలు గెలవడం ప్రధానం కాదు. "మన పిల్లవాణ్ణి ఎత్తుకుపోయాడు" అన్నదే ప్రధానం. పదేళ్ళ వయసులో ఆమె ఆ దుర్గం ఎక్కి, ఖాళీ గుళ్ళలో దేనిలోంచి తీసుకుపోయి ఉంటారా అని వెతికిందట. ఇరవై ఒకటో ఏట తాను ఆ ఊరు విడిచి మా ఊరు వచ్చింది. ఈ రెండింటికీ పోలిక ఉన్నదని ఆమె ఏనాడూ అనలేదు, నేనూ అడగలేదు. "ఆ ఇల్లెట్లా ఉందో చూడాల. అంత చేసి తీసకపోయినోడు ఎట్లాంటి ఇల్లు కట్టిచ్చినాడో చూడాల" అని మాత్రం అన్నది. ఉద్వేగం కలిగినప్పుడే ఆమె మాటలోకి పుట్టింటి యాస వస్తుంది.

నేను మధ్యేమార్గంగా మోటుపల్లిని ప్రతిపాదించాను. చీరాల ప్రాంతపు తీరంలో ఉన్న పాత రేవు అది. ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు దాన్ని స్వాధీనం చేసుకొనే రోజుల్లో, కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ 1244లో అక్కడ శాసనం వేయించాడు. మార్కో పోలో తన యాత్రా గ్రంథంలో ఆ రేవు పేరుతోనే తెలుగు రాజ్యాన్ని పిలిచాడు. దాన్ని ఒక రాణి పాలిస్తున్నదనీ, వజ్రాలు దొరుకుతాయనీ, అక్కడి సన్నని బట్ట లోకంలోనే మేలైనదనీ రాశాడు. ఇంత చరిత్ర, పక్కనే సముద్రం. రెండు కోరికలూ ఒక్క బస్సు టిక్కెట్టుతో తీరతాయని నా ఉత్సాహం. "అక్కడ ఏమి ఉంది చూడటానికి?" అన్నది. వీరభద్రస్వామి గుడి, శాసనం ఉన్నాయన్నాను. "ఉండటానికి?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు. ప్రపంచపు ఓడలు ఆగిన రేవులో మేమిద్దరం ఆగడానికి ఒక గది ఎక్కడ వెతకాలో నాకు తెలియదు. మోటుపల్లి ప్రస్తావన అంతటితో ముగిసింది.

ఈలోగా మా వదిన ఒక అభ్యంతరం తెచ్చింది. పెళ్ళిరోజునాడు దంపతులు పాడుబడిన ఊరికి పోవచ్చునా, అపశకునం కాదా అని. నవ్వి తీసేయదగ్గ మాట కాదు. మనవాళ్ళు శుభకార్యానికి పాత కుండ కూడా వాడరు. నాకు కొంత ఊరట కలిగింది కూడా, వదిన వల్లనైనా సముద్రం గెలుస్తుందేమోనని. కానీ సమాధానం నా నోటి నుంచే రావలసి వచ్చింది. హంపి అంతా పాడుబడలేదు. విరూపాక్షుని గుడిలో ఈనాటికీ దీపం వెలుగుతున్నది. పైగా అది పెళ్ళి జరిగిన చోటు. పంపాదేవి శివుని కోసం తపస్సు చేసి పెళ్ళాడింది అక్కడే అని స్థలపురాణం. మార్గశిరంలో ఫలపూజ పేర నిశ్చితార్థమూ, చైత్రంలో కల్యాణమూ, రథోత్సవమూ ఏటేటా జరుగుతాయి. ఏటా పెళ్ళిరోజు జరుపుకొనే దంపతులు ఆ ఊళ్ళో విరూపాక్షుడూ పంపాదేవీ ఉండగా, మాకు అపశకునమేమిటి? వదిన ఒప్పుకొన్నది. నా భార్య నా వైపు చూసి ఏమీ అనలేదు. అనవలసిన అవసరం లేకపోయింది.

ఇక మోకాళ్ళ సంగతి. అసలు నిర్ణయం అక్కడే జరిగింది.

మా ప్రాంతపు నీటిలో ఫ్లోరైడు ఉంది. మన దేశంలో ఈ జబ్బు మొట్టమొదట వైద్యశాస్త్రపు రికార్డులకెక్కింది మావైపు నుంచే. 1937లో షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో మనుషుల ఎముకలు బిగుసుకుపోవడానికి తాగే నీరే కారణమని రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో పుట్టినవాళ్ళకు ఈ పాఠం పుస్తకంలో చదవనవసరం లేదు. నవ్వితే పళ్ళ మీది గార చెబుతుంది, నడిస్తే వంగిన నడుము చెబుతుంది. నా భార్యకు కుడి మోకాలు నాలుగేళ్ళుగా ఇబ్బంది పెడుతున్నది. అందులో నీటి పాలెంత, వయసు పాలెంత అన్నది డాక్టరుగారు తేల్చి చెప్పలేదు. ఒకటి రెండేళ్ళలో ఆపరేషన్ తప్పకపోవచ్చు, ఆ తరువాత ఎత్తులు ఎక్కడం మానుకోవాలి అన్నారు. అందుకే నేను సముద్రాన్ని కోరుకున్నాను: ఇసుక, కుర్చీ, గొడుగు. హంపిలో అన్నీ బండలు, మెట్లు, నడక.

ఆమె ఆ మాటనే తిప్పి చెప్పింది. "సముద్రం యాడికీ పోదు. డెబ్బయ్యేళ్ళకైనా కుర్చీ వేసి కూర్చోబెడితే చూస్తా. కొండ ఎక్కాలంటే కాళ్ళు గదా కావాలి. కాళ్ళు ఇంకా ఉన్నాయి."

ఈ వాదానికి ఎదురుచెప్పడానికి నేను రెండు రోజులు ప్రయత్నించాను. నాలుగు రోజుల విశ్రాంతి వల్ల మోకాలికి మేలని చెప్పాను. ఏ మేలూ జరగదని ఇద్దరికీ తెలుసు. మంచి చోట్లను చూడటానికి జాతకంలో ముహూర్తం పెట్టినట్టు ఒక వరుస ఉంటే, ఆ వరుసను మోకాళ్ళే నిర్ణయించాలి. ఎక్కవలసినవి ముందు, కూర్చొని చూడవలసినవి తరువాత. మన కుటుంబాల్లో దీన్ని సరిగ్గా తలకిందులుగా చేస్తాం. కాళ్ళున్నప్పుడు ఉద్యోగం, పిల్లలు, అప్పులు. అన్నీ తీరాక, నడవలేని వాళ్ళను చేయి పట్టి అహోబిలం మెట్ల మీద లాక్కుపోతాం.

రిసార్టు విషయంలో నాకు మరొక సందేహం కూడా ఉండేది. బయటికి చెప్పలేదు. నాలుగు రోజులు ఏ పనీ లేకుండా ఎదురెదురుగా కూర్చొని మేమిద్దరం ఏం మాట్లాడుకొంటాం? ముప్ఫయ్యేళ్ళు మా మాటలన్నీ ఏదో ఒక పని చుట్టూ తిరిగినవే. గ్యాసు బుక్ చేశారా, ఫీజు కట్టారా, మీ తమ్ముడు ఫోన్ చేశాడా. సముద్రం ముందు ఒక గంట మౌనంగా ఉండవచ్చు. రెండో గంటకు పిల్లలకు ఫోన్ చేస్తాం. అదే ఒక పాత నగరంలో అయితే ఇద్దరం పక్కపక్కన నడుస్తూ మూడో దాన్ని చూస్తాం. పోట్లాడుకోవడానికైనా ఒక గోపురం ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో మమ్మల్ని పెద్దలు భైరవకోనకు పంపారు. మా మండలంలోనిదే. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కన జలపాతం. కార్తీక పౌర్ణమి వెన్నెల అమ్మవారి మీద పడుతుందని చెప్పుకొంటారు. అప్పటికి మేము ఒకరితో ఒకరం పది మాటలు ఆడి ఉండం. గుహ గుహకూ తిరుగుతూ ఏ ద్వారపాలకుడి చేయి విరిగిందో, ఏ లింగం పేరేమిటో మాట్లాడుకొన్నాం. ఆ రోజు మాకు బిడియం పోగొట్టినవి ఆ బండలే. అక్కడొక అర్చకుడు నాతో "పిల్లకు చరిత్ర బాగా తెలుసునే" అన్నాడు. నాకు తెలిసినదేమిటో ఆయన అడగలేదు.

హంపి ఖాయమైంది. ఈసారి వెళ్ళకపోతే మళ్ళీ ఎక్కలేనన్న మాట పిల్లలకు చెప్పాక వాళ్ళూ గోవా ఎత్తలేదు. "అయితే వచ్చే ఏడు బీచ్" అన్నాడు మా వాడు. ఆపరేషన్ అయినా కాకపోయినా ఆ హామీని నేను కాగితం మీద రాసి పెట్టాను. ఈసారి వాడరేవే చాలు.

బస హోస్పేటలో. మొదటి రోజు కృష్ణాలయం, తరువాత తీరిగ్గా హేమకూటం. అది మెల్లని వాలు కనుక భయం లేదు. విఠలాలయానికి బ్యాటరీ బండ్లు నడుస్తాయి. యాభై రూపాయల నోటు మీది రాతిరథం అక్కడిదే. "రథం చూడటానికి కరెంటు బండిలో పోవాల్నా" అని ఆమె నవ్వింది. మతంగ పర్వతం సగం దాకా అని ఒప్పందం; సగమంటే ఎక్కడో కొలిచే హక్కు నాది. మహానవమి దిబ్బ దగ్గరున్న మెట్ల కోనేరు, దానికి నీళ్ళు తెచ్చిన రాతి కాలువలు నాకోసం. బావిలో నీళ్ళు అడుగంటే ఊరివాడు రాజుల సింహాసనం కంటె రాజుల నీటికాలువనే ఎక్కువ సేపు చూస్తాడు. విజయనగరం నాటి తూర్తు కాలువ హంపి అరటి తోటలకు ఇంకా నీళ్ళిస్తున్నదని చదివాను. మా దారిలోని కంభం చెరువుకు కూడా రాయలవారి కాలంతో ముడిపెట్టి వరదరాజమ్మ కథ చెబుతారు.

టిక్కెట్లు దొరికాయి. ఆమెకు కింది బెర్తు, నాకు పైది. నిన్న ఉదయగిరి నుంచి మా బావమరిది వస్తూ ఒక అటుకుల పొట్లం తెచ్చాడు. ఆమె అడిగి తెప్పించుకొన్నదట, బాలకృష్ణుని కోసం. ఆ గుడిలో ఇప్పుడు విగ్రహం లేదని, చెన్నైలో ఉన్నదని మరొకసారి చెప్పాను. తెలుసు అన్నది. కోతులు ఎక్కువని, పొట్లం చేతిలో కనబడితే లాక్కుపోతాయని కూడా చెప్పాను. దానికి మాత్రం కొంచెం ఆలోచించి, పొట్లాన్ని మందుల డబ్బాలో సర్ది, మందులను నా సంచిలోకి మార్చింది.